జెల్ గ్రిడ్ పరుపు: పైన బట్ట, కింద ఫోము, నడుమ గాలి

నల్లగొండలో పరుపుల వ్యాపారులు, తయారీదారులు, కొనుగోలుదారుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని.

అందరికీ నమస్తే. వెనుక కూసున్నోళ్ళకు మైకు అందుతున్నదా? ఆ ఫ్యాను జర తగ్గించండి, మాట చెదిరిపోతున్నది. సరే.

బల్ల మీద రెండు ముక్కలు పెట్టిన. ఒకటి నీలం చుక్కలున్న మెమొరీ ఫోము. దుకాణంల దీన్ని జెల్ ఫోము అని అమ్ముతరు. ఇంకోటి గళ్ళు గళ్ళుగ, రబ్బరు లెక్క సాగే ముక్క. ఇది జెల్ గ్రిడ్. ఈ రెండూ ఒకటే అనుకొని కొన్నోళ్ళు మన జిల్లాల చాలామంది ఉన్నరు. మొదటిదాంట్ల జెల్ గింజలు కలిపినా అది ఫోమే. గాలి ఆడదు, ఒంటి వేడిని పట్టుకుంటది. తొలిసారి చెయ్యి పెడితే చల్లగ తగులుతది, కాసేపటికి ఆ చల్లదనం పోతది. ఇయ్యాల నేను మాట్లాడేది రెండోదాని గురించి. దాంట్ల ఫోము అసలే లేదు, గోడలు, గోడల నడుమ ఖాళీ, అంతే.

ఇది కొత్త సంగతి కాదు. అమెరికాల యూటా రాష్ట్రంల టోనీ పియర్స్, టెర్రీ పియర్స్ అనే అన్నదమ్ములు 1990లల్లనే ఇట్లాంటి జెల్ గళ్ళతోని చక్రాల కుర్చీల సీట్లు, రోగుల పడకలు చేసిండ్రు. పర్పుల్ అనే పరుపు కంపెనీ పెట్టింది వాళ్ళే. మన దేశంల ముంబైకి చెందిన ది స్లీప్ కంపెనీ 2019 నుంచి స్మార్ట్‌గ్రిడ్ పేరుతోని అమ్ముతున్నది. ఇప్పుడు పేరు లేని గ్రిడ్ షీట్లు కూడ మార్కెట్ల దొరుకుతున్నయి. మీల కొందరు వాటినే తెచ్చి పరుపులు కడుతున్నరు. అందుకే సరుకు గురించి ముందు తెలుసుకోవాలె.

సరుకు ఏందంటే, ఎస్‌ఈబీఎస్ అనే పాలిమర్, అంటే గొలుసుల లెక్క పొడుగాటి అణువులున్న సరుకు. ఎస్‌ఈఈపీఎస్ అని దాని దాయాది ఇంకోటి ఉన్నది. గొలుసు రెండు కొసలకు గట్టి స్టైరీన్, నడుమ సాగే రబ్బరు భాగం. దీంట్ల తెల్ల మినరల్ ఆయిల్ కలుపుతరు. మెత్తగ కావాలంటే పాలిమర్ బరువుకు రెండు మూడింతల ఆయిల్ పడ్తది. కరిగించి అచ్చుల పోస్తరు. చల్లారితే స్టైరీన్ కొసలు ఒకదానికొకటి అతుక్కొని ముడులు పడ్తయి. ఆ ముడులే దీన్ని పట్టి ఉంచేటివి. మామూలు రబ్బరును గంధకం వేసి ఉడికిస్తరు, ఆ ముడి మళ్ళ విడిపోదు. ఇది అట్ల కాదు, వేడి తగిలితే ముడి సడలుతది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత వచ్చే సగం సమస్యలకు కారణం ఇదే.

ఇగ సుఖం సంగతి. ఒక ప్లాస్టిక్ స్కేలును బల్ల మీద నిలబెట్టి పైనుంచి వేలుతోని నొక్కండి. మెల్లగ నొక్కితే కదలదు. ఒక హద్దు దాటంగనే ఒక్కసారి పక్కకు వంగుతది. వంగినంక ఇంకా కిందికి దించటానికి పెద్ద బలం అక్కరలేదు. గ్రిడ్ గోడ చేసేది అదే పని. ఫోము ఎంత నొక్కితే అంత ఎదురు తంతది. భుజం, తుంటి లోపలికి దిగినకొద్దీ అక్కడే ఒత్తిడి పెరుగుతది. గ్రిడ్ల తుంటి కింది గోడలు వంగి తప్పుకుంటయి, నడుము కింది గోడలు మాత్రం వంగవు, నిలబడే ఉంటయి. అందుకే పక్కకు తిరిగి పండుకునేటోళ్ళకు దీంతోని ఎక్కువ ఫాయిదా. ఎల్లెలకల పండుకునేటోళ్ళకు అంత పెద్ద తేడా కనబడదు, మంచి ఫోము కూడ సరిపోతది.

కట్టేటోళ్ళు ఒక లెక్క తెలుసుకోవాలె. గోడ ఎంత బరువుకు వంగుతదన్నది దాని మందం ఘనం మీద ఆధారపడ్తది. మందం రెండింతలైతే బలం ఎనిమిదింతలు. 2 మిల్లీమీటర్ల గోడ 2.5 మిల్లీమీటర్లయితే కంటికి తేడా కనబడదు గానీ బలం దాదాపు రెండింతలైతది. అచ్చు అరిగిపోయినా, షీట్ ఒక కొస పల్చగ, ఇంకో కొస మందంగ వచ్చినా, అదే పరుపు మీద తలకాడ గట్టిగ, కాళ్ళకాడ మెత్తగ ఉంటది. సరుకు తీసుకునేటప్పుడు వెర్నియర్ కాలిపర్ పట్టుకపోయి నాలుగు మూలల, నడుమ, అయిదు చోట్ల కొలవండి. కొలిచేటప్పుడు గట్టిగ పట్టొద్దు, జెల్ నలిగి తక్కువ చూపిస్తది. గోడ ఎత్తు పెరిగితే తొందరగ వంగుతది, కాబట్టి 1 అంగుళం గ్రిడ్, 2 అంగుళాల గ్రిడ్ ఒకే మందంతోని చేస్తే రెంటి స్వభావం వేరే ఉంటది.

దుకాణంల జరిగే ఒక పని గురించి చెప్పాలె. వచ్చినోళ్ళు పరుపు అంచు మీద కూసొని ఎగిరెగిరి చూస్తరు. 70 కిలోల మనిషి పండుకుంటే బరువు సుమారు 5,000 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటది, అంటే చదరపు సెంటీమీటరుకు 14 గ్రాములు. అదే మనిషి కూసుంటే బరువంత 1,000 చదరపు సెంటీమీటర్ల మీద పడ్తది. అయిదింతలు. గోడలన్నీ ఒక్కసారి మడతపడి అడుగుకు తగులుతయి. "ఇంత మెత్తగ ఉందేంది" అని లేచిపోతరు. పరుపును పండుకొనే చూడాలె. ఏ పక్కకు పండుకుంటరో ఆ పక్కకే, మీ ఇంట్ల తల కింద పెట్టుకునే మెత్త ఎత్తు ఎంతుంటదో అంత ఎత్తు మెత్త పెట్టుకొని, పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలు పండుకోనియ్యని దుకాణంల కొనకండి. దుకాణాలోళ్ళు నా మీద కోపం తెచ్చుకోవద్దు.

పదిహేను ఇరవై కిలోల పిల్లల బరువుకు గోడలు వంగనే వంగవు. వాళ్ళకు గ్రిడ్ పరుపు గట్టి చాప లెక్కనే ఉంటది, డబ్బులు దండగ. వంద కిలోలు దాటినోళ్ళకు 1 అంగుళం గ్రిడ్ పనికిరాదు, తుంటికాడ అడుగు తగులుతది. వాళ్ళకు 2 అంగుళాలో, గోడ మందం ఎక్కువున్నదో కావాలె. భార్యాభర్తల బరువుల తేడా బాగ ఉంటే, డబల్ కాట్ మీద రెండు సింగిల్ పరుపులు పక్కపక్కన వేసుకునుడు మంచిది. ఒకరు దొర్లితే రెండో మనిషికి కదలిక తెలియకపోవుడు మాత్రం గ్రిడ్ల నిజమైన గుణమే, ఏ గడి పని ఆ గడిదే.

మంచం పట్టిన రోగుల కోసం చాలామంది అడుగుతరు. ఒత్తిడి తగ్గుతది, నిజమే. కానీ గ్రిడ్ ఉన్నదని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పుడు మానేస్తే పుండ్లు పడ్తయి. ఆ పనికి పరుపు బదులు కాదు.

ఇగ అసలు సంగతి, చల్లదనం. మన దిక్కు మే నెలల పగలు 44, 45 డిగ్రీలు కొత్త కాదు. పొద్దంత కాగిన స్లాబు రాత్రి పన్నెండు దాకా కిందికి సెగ కొడుతనే ఉంటది. ఇట్లాంటి ఇంట్ల ఒక పరుపు చల్లగ ఉంచుతదని ఎవరన్న చెప్తే, ఆ చల్లదనం ఎక్కడి నుంచి వస్తదో అడగండి. గ్రిడ్ల కరెంటు లేదు, నీళ్ళు లేవు. అది వేడిని పుట్టించదు, చంపదు. పక్కకు పోనిస్తది, అంతే.

చెయ్యి పెడితే చల్లగ తగిలేది ఎందుకంటే, ఫోము కంటే జెల్ సరుకు వేడిని సుమారు నాలుగైదింతలు తొందరగ గుంజుకుంటది. పైగా బరువు ఉంటది కాబట్టి కొంత వేడిని లోపల దాచుకుంటది. ఎంతసేపు దాచుకుంటదో లెక్క చేద్దాం. 72 బై 60 అంగుళాల పరుపుల 2 అంగుళాల గ్రిడ్ సుమారు 20 కిలోలు ఉంటది. కిలో జెల్‌ను ఒక డిగ్రీ వేడెక్కించాలంటే 2 కిలోజౌళ్ళు కావాలె. ఒంటి కింద పడేది షీట్ల మూడో వంతు అనుకోండి, ఏడు కిలోలు. అర్ర 28 డిగ్రీలు ఉంటే, జెల్ ఒంటి వేడికి దగ్గరగ 33 దాకా ఎక్కటానికి 70 కిలోజౌళ్ళు. నిద్రల మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి మొత్తం 75 వాట్లు, దాంట్ల పరుపు దిక్కు పోయేది 25 వాట్లు అనుకుంటే, ముప్పావు గంటల ఆ దాపు నిండిపోతది. తర్వాత అది చల్లటి వస్తువు కాదు, మామూలు వస్తువే.

ఇదే లెక్క మే నెలకు పెట్టండి. రాత్రి పదింటికి కూలర్ లేని అర్ర 36 డిగ్రీలు ఉంటది. పొద్దంత ఆ అర్రల ఉన్న జెల్ కూడ 36 డిగ్రీలే. ఒంటి తోలు 34, 35. అంటే పండుకోంగనే పరుపే మనకు వేడి ఇస్తది. ఇరవై కిలోల సరుకు కాబట్టి తొందరగ చల్లబడదు కూడ. షోరూంల ఏసీల చల్లగ తగిలిన పరుపు ఇంట్ల కాలినట్టు ఎందుకుందని మీకు ఫిర్యాదులు వస్తయి గద, కారణం ఇదే. పరుపు ఖరాబు కాలేదు. సాయంత్రం చద్దరు తీసేసి, కిటికీలు తెరిచి, పండుకునే గంట ముందు ఫ్యాను గాలి పరుపు మీదికి కొట్టిస్తే కొంత నయం.

అట్లయితే మన ఎండకాలంల గ్రిడ్‌తోని లాభమే లేదా? ఉన్నది, అది వేరే తొవ్వల. గాలి ఒంటికంటే వేడిగ ఉన్నప్పుడు మనిషి చల్లబడేది చెమట ఆరుడుతోనే. ఒక గ్రాము చెమట ఆరితే సుమారు 2.4 కిలోజౌళ్ళు పోతయి. 75 వాట్ల వేడి మొత్తం చెమటతోనే పోవాలంటే గంటకు 110 గ్రాములు ఆరాలె. ఫోము మీద పండుకుంటే వీపు కింద ఆరటానికి జాగ లేదు, చద్దరు తడుస్తది, అందుకే అటూ ఇటూ దొర్లుతరు. గ్రిడ్ల గోడల పైకొసలు మాత్రమే ఒంటికి తగులుతయి, మిగిలిందంత ఖాళీ. దొర్లినప్పుడల్ల గోడలు మూసుకొని తెరుచుకొని లోపలి తడిగాలిని బయటికి తోస్తయి. ఎండకాలంల మన గాలి పొడిగ ఉంటది కాబట్టి ఇది బాగ పనిచేస్తది. ఆషాఢం, శ్రావణంల గాలే తడిగ ఉంటది, అప్పుడు ఇంత తేడా ఉండదు. కూలర్ పెట్టుకునేటోళ్ళు ఎదురు కిటికీ తప్పకుండ తెరవాలె. మూసిపెడితే అర్రంత ఉక్క పట్టి కూలరూ పనిచెయ్యదు, గ్రిడ్డూ పనిచెయ్యదు. ఏసీ 25, 26 మీద నడిచే అర్రల మాత్రం గ్రిడ్ అన్ని కాలాలల్ల మంచిగనే ఉంటది.

ఇంత చేసిన గ్రిడ్‌ను మనం ఎట్ల చంపుతమో చూడండి. మొదటిది, పరుపు కొన్నప్పటి పాలిథీన్ కవరు. ఖరాబు కావద్దని ఏండ్ల తరబడి తియ్యరు. సోఫాల మీదనైతే ఏమన్న అనుకోవచ్చు, దీని మీద ఆ కవరు ఉన్నన్ని రోజులు మీరు కొన్నది గ్రిడ్ కాదు, ప్లాస్టిక్ షీటు. రెండోది, రెక్సిన్ లాంటి పీవీసీ ప్రొటెక్టర్. ఇది గాలి ఆడనియ్యదు, పైగా జెల్ ల ఆయిల్‌కు, పీవీసీల మెత్తదనానికి వేసే నూనెకు పడదు. రెండూ అటిటు మారి, పీవీసీ జిగటబడో గట్టిపడో పోతది. చిన్నపిల్లలు ఉన్న ఇంట్ల ప్రొటెక్టర్ తప్పదు అనుకుంటే పల్చటి టీపీయూ (సాగే ప్లాస్టిక్) పొర ఉన్న, సాగే నిట్ బట్టది తీసుకోండి. మూడోది మందమైన బొంత. నాలుగోది మన కుట్టేటోళ్ళ పని: అందం కోసం గ్రిడ్ పైన అంగుళం క్విల్టింగ్ వేసి, సాగని బట్టను బిగించి టేప్ కుడతరు. బిగిసిన బట్ట గడి మీద వంతెన లెక్క నిలబడ్తది. తుంటి కింది గోడ ఒక్కటే వంగే బదులు చుట్టూ ఉన్న ఇరవై గోడలు కలిసి మోస్తయి. అప్పుడు లోపల గ్రిడ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కవరు బట్ట రెండు దిక్కుల సాగాలె, కుట్టేటప్పుడు కొంచెం వదులు ఇడవాలె, జిప్ మూడు పక్కల పెట్టాలె. పైన నూలు చద్దరు చాలు. పోచంపల్లి నూలు చద్దర్లు ఇంటి పక్కనే దొరుకుతుంటే సాటిన్ మెరుపు చద్దర్లు ఎందుకో నాకు అర్థం కాదు.

మంచం సంగతి తొందరగ చెప్త. నులక మంచం, నవారు మంచం దీనికి వద్దు, అడుగు వంగితే గోడలు ఒక దిక్కే ఒరుగుతయి. పట్టీల మంచమైతే పట్టీల నడుమ సందు 3 అంగుళాలు దాటొద్దు. సామాను దాచుకునే బాక్స్ మంచానికి ప్లైవుడ్ మూత ఉంటది, దానికి 6 అంగుళాలకొకటి చొప్పున అంగుళం రంధ్రాలు వేయించండి. నేల మీద సీదా పరిస్తే కింద తడి చేరుతది, చెదలు కూడ పట్టొచ్చు.

ఇప్పుడు మన్నిక. గ్రిడ్ పరుపు కుంగింది అని వచ్చిన కేసుల జిప్ తీసి చూడండి. ఎక్కువసార్లు గ్రిడ్ నిలబడే ఉంటది, కుంగేది దాని కింది ఫోము. కారణాలు రెండు. గోడలు బరువును గీతలుగ కిందికి దించుతయి, ఆ గీతలు ఫోముల దిగబడ్తయి. రెండోది కొంచెం విచిత్రం: గాలి పోయే తొవ్వలనే చెమట కూడ కిందికి దిగుతది. పాలియురేథీన్ ఫోముకు వేడి, తడి కలిసి తగిలితే నొక్కిన చోట మళ్ళ లేవదు. చల్లదనం ఇచ్చే గుణమే కింది పొరను తినేస్తది. కాబట్టి గ్రిడ్‌కు డబ్బులు పెట్టి కింద 23, 28 డెన్సిటీ (ఘనపు మీటరుకు అన్ని కిలోలు) ఫోము పెట్టుడు అన్నిటికంటే పెద్ద తప్పు. మార్కెట్ల తక్కువ ధర గ్రిడ్ పరుపులల్ల మిగిలిచ్చేది ఇక్కడనే.

నేను చెప్పే కట్టుడు ఇది. అడుగున 3 అంగుళాల రీబాండెడ్, అంటే ఫోము ముక్కలను అతికించి ఒత్తిన గట్టి ఫోము, 90 డెన్సిటీ. దాని మీద 2 అంగుళాల హెచ్‌ఆర్ ఫోము, అంటే నొక్కి వదిలితే తొందరగ పైకి లేచే ఫోము, 40 డెన్సిటీ. దాని మీద 2 అంగుళాల గ్రిడ్. చుట్టూ 3 అంగుళాల వెడల్పు గట్టి ఫోము అంచు, కూసునేటోళ్ళ కోసం. 72 బై 60 సైజుకు లెక్క వేస్తే రీబాండెడ్ 19 కిలోలు, హెచ్‌ఆర్ 5 కిలోల 700 గ్రాములు, గ్రిడ్ 20 దగ్గర, కవరు 2. మొత్తం 47 కిలోలకు అటూ ఇటూ. ఇద్దరు మనుషులు లేనిది లేవదు, అది ముందే చెప్పి అమ్మండి. ఎత్తేటప్పుడు పైపొర పట్టుకొని గుంజితే మూలల గోడలు చిరుగుతయి, పిడులు అడుగు పొరకు కుట్టాలె.

ఈ బరువు లెక్క కొనేటోళ్ళకు కూడ పనికొస్తది. గ్రిడ్ సైజు అంగుళాలల్ల చెప్తరు గానీ లోపల ఎంత సరుకు ఉన్నదో చెప్పరు. 72 బై 60 బై 2 అంగుళాల జాగ సుమారు 140 లీటర్లు. గళ్ళ గోడలు దాంట్ల 15 నుంచి 17 శాతం ఆక్రమిస్తే 21 నుంచి 24 లీటర్ల సరుకు. ఈ సరుకు నీళ్ళ కంటే తేలిక, లీటరుకు 870, 900 గ్రాములు. అట్ల 19 నుంచి 21 కిలోలు. ఎవరన్న 2 అంగుళాల గ్రిడ్, 4 అంగుళాల 40 డెన్సిటీ ఫోము అని చెప్పి మొత్తం పరుపు 20 కిలోలే తూగితే, ఆ ఫోమే 11 కిలోలు ఉండాలె కాబట్టి, ఏదో ఒకటి చెప్పినంత లేదు. ఇంకో పరీక్ష: చిన్న ముక్క కోసి నీళ్ళల్ల వెయ్యండి. తేలాలె. మునిగితే దాంట్ల సున్నపురాయి పొడి లాంటి ఫిల్లర్ కలిపిండ్రు, లేదంటే అది పీవీసీనో ఇంకో రకం జెల్లో. ఫిల్లర్ ఎక్కువైతే సాగుడు తగ్గి తొందరగ చిరుగుతది.

అంటించుడు గురించి కుట్టేటోళ్ళు జాగ్రత్తగ వినండి. జెల్ ల ఆయిల్ ఉంటది కాబట్టి దాని మీద ఏ గమ్మూ ఆగదు. మంచి గ్రిడ్ అడుగున నాన్‌వోవెన్ (నెయ్యకుండ పోగులు ఒత్తి చేసిన) బట్ట ఉంటది, అచ్చులనే వేడి మీద జెల్‌ల దిగి అతుక్కొని వస్తది. గమ్ము ఆ బట్టకే పట్టాలె. బట్ట లేని షీటును తేవొద్దు. ఫోము గమ్మును ఫోముకు, బట్టకు రెంటికీ స్ప్రే చేసి, చేతికి తడి అంటకుండ జిగట మాత్రం తగిలేదాక ఆగి, నడుమ నుంచి అంచులకు పరుచుకుంట పోవాలె. షీటును సాగదీసి అంటిస్తే తర్వాత అది ముడుచుకొని ఫోమును గిన్నె లెక్క వంచుతది. తడి ఆరకముందే అంటిస్తే ఇంకో కష్టం: పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ జాతి ద్రావకాలు ఈ జెల్‌ను ఉబ్బిస్తయి, చివరికి కరిగిస్తయి. ద్రావకమున్న గమ్ము బట్టల నుంచి ఊరి గోడల అడుగును మెత్తబరుస్తది. నీళ్ళ ఆధారమున్న గమ్ము దొరికితే అదే మేలు, ఆరుడు ఆలస్యమైనా. మరకలు పోవాలని కిరోసిన్ గుడ్డ పెట్టేటోళ్ళు ఉంటరు, వాళ్ళకు గట్టిగ చెప్పండి. సబ్బునీళ్ళ తడిగుడ్డ, తర్వాత ఫ్యాను కింద ఆరబెట్టుడు, అంతే.

ఎండల మాత్రం వెయ్యొద్దు. దూది పరుపును బంగ్ల మీద ఎండబెట్టుడు మన అలవాటు, దూదికి అది మంచిదే. ఇందాక ముడుల గురించి చెప్పిన గద. మే నెలల స్లాబు మీద వేడి 60 డిగ్రీలు దాటుతది. ఆ వేడికి ముడులు సడలి, దాని మీద బరువు ఉంటే గోడ వంగిన కాడనే ఉండిపోతది. ఆయిల్ కూడ బయటికి ఊరుతది. ఇది డీసీఎంల మీద తాడిపత్రి కప్పి మధ్యాహ్నం పూట తెచ్చే సరుకుకు, రేకుల షెడ్డు గోదాములకు కూడ వర్తిస్తది. పరుపులను ఒకదాని మీద ఒకటి పేర్చితే అట్టడుగు పరుపు మీద బరువు ఎంత పడ్తదో చూసుకోండి. రోల్ చేసి గాలి తీసిన ప్యాకుల లోపల గోడలు మడతపడే ఉంటయి, ఎండకాలం గోదాముల నెలల తరబడి అట్లనే ఉంచితే ఆ మడతలు నిలిచిపోతయి. ముందు వచ్చింది ముందు అమ్మాలె. ఎండకాలానికి స్టాకు తక్కువ పెట్టుకోండి.

నిప్పు సంగతి ఒక్క మాట. దీంట్ల సగానికి మించి ఆయిలే, కింద ఫోము. దోమల చుట్ట మంచం కింద పెట్టొద్దు.

వాడుకునేటోళ్ళు మూడు నెలలకోసారి తల దిక్కు, కాళ్ళ దిక్కు మార్చాలె. బోర్లించొద్దు, గ్రిడ్ ఒకే దిక్కు ఉంటది. ఏడాదికోసారి జిప్ తీసి గళ్ళల్ల దుమ్ము, వెంట్రుకలు వ్యాక్యూమ్ క్లీనర్‌తోని తియ్యండి. కుంగిందా లేదా చూడాలంటే, పరుపు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం బిగించి పట్టి, నడుమ స్కేలు పెట్టి కొలవండి. వారంటీ కార్డు మీద ఎన్ని మిల్లీమీటర్లు కుంగితే మారుస్తరో రాసి ఉంటది, ఏ మంచం మీద వెయ్యాలో కూడ రాసి ఉంటది. మరక ఉంటే వారంటీ రాదని చిన్న అక్షరాలల్ల రాసేటోళ్ళు ఉన్నరు. కొనేరోజే చదవండి.

ఇగ మీరు అడగండి.

ప్రశ్న: సారు, ఇంట్ల దూది పరుపు ఉన్నది. దాని మీద 1 అంగుళం గ్రిడ్ టాపర్ వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు అమ్మా, కానీ దూది ఉండలు కట్టి ఉంటే వద్దు. మిట్ట మీద గోడలు ఎప్పటికీ వంగే ఉంటయి, పల్లంల అసలు పనిచెయ్యవు. దూది ఏకించి కొత్తగ కుట్టించి, దాని మీద అంగుళం రీబాండెడ్ షీటు వేసి అప్పుడు టాపర్ వెయ్యండి. దూదిని ఎండబెట్టాలంటే టాపర్ తీసి పక్కన నీడల పెట్టండి, రెంటినీ కలిపి బంగ్ల ఎక్కించొద్దు.

ప్రశ్న: జిప్ తీస్తే తెల్లటి పొడి రాలుతున్నది. ఖరాబు సరుకా?

కాదన్నా. గోడ ఒకదానికొకటి అతుక్కోకుండ ఫ్యాక్టరీల చల్లే పొడి అది. కడగొద్దు. కడిగితే దొర్లినప్పుడల్ల చప్పుడు వస్తది, గోడలు అంటుకొని విడివడేటప్పుడు. పొడి ముక్కుకు పడనోళ్ళు ఉంటే లోపలి పల్చటి బట్ట తియ్యకుండ, పైకవరు మాత్రమే ఉతకండి.

ప్రశ్న: ఒక గోడ చిరిగింది. అతికించొచ్చా?

వేడి చేస్తే కరిగి అతుక్కునే సరుకే. కానీ ఇంట్ల ఇస్త్రీ పెట్టెతోనో, కాల్చిన చువ్వతోనో ప్రయత్నం చేస్తే ఆయిల్ పొగ వస్తది, నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్నది, అతుకు కూడ బలంగ ఉండదు. ఒకటి రెండు గోడలు పోతే పండుకున్నప్పుడు తెలియదు, వదిలెయ్యండి. చిరుగు పక్క గడికి పాకుతుంటే చిరుగు కొసను కత్తెరతోని గుండ్రంగ కొయ్యండి. సూది లాంటి కొస ఉంటేనే చిరుగు ముందుకు పోతది, గుండ్రమైతే ఆగుతది.

ప్రశ్న: మా కస్టమర్ దివాన్ 68 బై 33 ఉన్నది. 72 బై 36 షీటును కోసి సరిచెయ్యొచ్చా?

కొయ్యొచ్చు. గోడ మీద కత్తి పెట్టొద్దు, గడి నడుమ నుంచి పోవాలె. అట్ల కోస్తే అంచున అడ్డగోడల ముక్కలు కొంచెం బయటికి మిగులుతయి, అవి ఉండనియ్యండి, అంచు గోడను అవే నిలబెడతయి. గడి సైజును బట్టి కొలత 68కి సరిగ్గ రాదు, ఒక గడి తక్కువకే కోసి ఆ ఖాళీని అంచు ఫోము వెడల్పుతోని సర్దండి. ఎక్కువకు కోసి లోపలికి కుక్కితే గోడలన్నీ ముందే వంగి ఉంటయి, మొదటి రోజే పరుపు నడుమ ఉబ్బి కనబడ్తది. కత్తికి సబ్బునీళ్ళు రాస్తే జెల్ పట్టుకోకుండ సాఫీగ తెగుతది. కోసినంక నీళ్ళు తుడిచి, కోసిన అంచుకు కొంచెం టాల్కం పౌడరు రాసి, అప్పుడు కవరు ఎక్కించండి.